జట్లుగా కూర్చోబెడితే సాంఘిక శాస్త్రం వస్తుందా?

ప్రశ్న అడిగిన టీచర్ గారికి నమస్కారం. మీరు రాసినదాని సారాంశం ఇది: విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక పురపాలక పాఠశాలలో 6వ తరగతికి సోషల్ చెబుతున్నారు. తరగతిలో 42 మంది ఉన్నారు. శిక్షణలో చెప్పిన ప్రకారం పిల్లలను ఆరేడుగురు చొప్పున జట్లు చేసి పాఠం పంచి ఇస్తే, జట్టుకు ఇద్దరు రాస్తున్నారు, ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నారు, మిగిలినవారు చార్టు అంచులకు రంగులు వేస్తున్నారు. స్లిప్ టెస్టులో మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దానికితోడు పక్క తరగతి నుంచి గోల గురించి ఫిర్యాదు. ఇలా జట్లుగా కలిసి నేర్చుకునే సహకార అభ్యసనం వల్ల నిజంగా ఫలితం ఉంటుందా, లేక పూర్వంలా బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పుకోవడమే మేలా అని అడిగారు.

ముందుగా నేరుగా జవాబు చెబుతాను. ఫలితం ఉంటుంది, కానీ రెండు షరతులూ కలిసి ఉన్నప్పుడే. జట్టు మొత్తానికి ఉమ్మడి లక్ష్యం ఒకటి ఉండాలి. ఆ లక్ష్యం నెరవేరాలంటే జట్టులోని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ విడివిడిగా నేర్చుకుని తీరవలసిన పరిస్థితి ఉండాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా మీరు శ్రద్ధగా నిలబడి చెప్పే పాఠమే నయం. దీన్ని మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే నేను ఈ నగరంలోనే 26 ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను, అందులో మొదటి పదేళ్లూ ఇప్పుడు మీరు చేస్తున్నదే చేశాను. గోడల నిండా చార్టులు ఉండేవి, తనిఖీకి వచ్చినవారు మెచ్చుకునేవారు, పేపర్లు దిద్దడానికి కూర్చున్నప్పుడు మాత్రం నాకే సిగ్గు వేసేది.

మీ తరగతిలో జరుగుతున్నది జట్టు పని కాదు, జట్టు పేరు మీద ఇద్దరు చేస్తున్న సొంత పని. పంక్తిలో వడ్డనకు ఆరుగురిని నిలబెట్టి గరిటె ఒక్కరి చేతికే ఇస్తే మిగిలిన అయిదుగురూ ఏం చేస్తారో మీ పిల్లలూ అదే చేస్తున్నారు. అందులో వారి తప్పేమీ లేదు. ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను, ఒక జవాబు, జట్టంతటికీ ఒకే మార్కు ఇచ్చినప్పుడు బాగా రాసే అమ్మాయి పని లాగేసుకోవడమూ, మిగిలినవారు ఆమెకు వదిలేయడమూ చాలా సహజం.

ఈ విషయాన్ని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఒకరి గెలుపు మరొకరి గెలుపుతో ముడిపడినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారో మోర్టన్ డాయిచ్ 1949లోనే సిద్ధాంతంగా రాశారు. ఆయన శిష్యుడు డేవిడ్ జాన్సన్, తన సోదరుడు రోజర్ జాన్సన్‌తో కలిసి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దాన్ని తరగతి గదికి తెచ్చి, సహకారానికి అయిదు అంగాలు చెప్పారు: పరస్పరం ఆధారపడటం, ఎవరి బాధ్యత వారికి ఉండటం, ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు సాయపడటం, కలిసి పనిచేసే మర్యాదలు నేర్వడం, చివర తాము ఎలా పనిచేశామో జట్టే చూసుకోవడం. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ స్లావిన్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను వరుసగా సమీక్షించి, జట్టు లక్ష్యమూ వ్యక్తిగత బాధ్యతా రెండూ ఉన్న పద్ధతుల్లోనే చదువులో మెరుగుదల నిలకడగా కనిపించిందని తేల్చారు. పైన నేను చెప్పిన రెండు షరతులు ఆయనవే. నాకు మాత్రం అవి పుస్తకంలో చదివినప్పుడు కాక, తరగతిలో ఎదురుదెబ్బలు తిన్న తరువాతే అర్థమయ్యాయి.

సోషల్‌కు ఈ పద్ధతి ప్రత్యేకంగా ఎందుకు నప్పుతుందో కూడా చెప్పాలి. లెక్కల్లో ఒక మెట్టు రాకుండా తరువాతి మెట్టు ఎక్కలేము కాబట్టి పాఠాన్ని ముక్కలుగా పంచడం కష్టం. సోషల్ పాఠాలు వాటంతటవే విడిపోయే అతుకులతో ఉంటాయి: నాలుగు వృత్తులు, నాలుగు ప్రాంతాలు, ఒకే సంఘటన గురించి నలుగురి మాటలు. పైగా మన విద్యా ప్రమాణాల్లో విషయావగాహన ఒక్కటే లేదు. సమాచార నైపుణ్యాలు, పట నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన కూడా ఉన్నాయి. ప్రతిస్పందన అనేదాన్ని నేను బోర్డు మీద రాసి, పిల్లలు నోటు పుస్తకంలో ఎక్కించుకుంటే అది ప్రతిస్పందన అనిపించుకోదు.

జిగ్‌సా, మన నీళ్ల పాఠం

జిగ్‌సా అనే పద్ధతిని 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టారు. అక్కడి బడుల్లో అంతవరకు విడివిడిగా చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు గొడవలు మొదలయ్యాయి. చేతులెత్తి పోటీపడే తరగతిలో ఈ పిల్లలు ఒకరినొకరు ఎప్పటికీ దగ్గరకు తీయరని గ్రహించి, పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో పిల్లవాడికి మాత్రమే ఇచ్చారు. పాఠం పూర్తిగా తెలియాలంటే పక్కవాడి మాట వినక తప్పదు. మా పిల్లలు దీన్ని ముక్కల ఆట అంటారు.

నేను ఏటా ఈ పద్ధతిని మొదలుపెట్టేది మన నగరానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్న పాఠంతో. పాఠ్యపుస్తకంలోని జలవనరుల పాఠానికి ఇది తోకలా అతుకుతుంది, ప్రతి ఇంట్లోనూ కుళాయి ముచ్చట ఉంటుంది కాబట్టి ఎవరికీ కొత్త కాదు. ముడసర్లోవ జలాశయం గురించి నేనే తరగతి మొత్తానికి చెబుతాను: అది నగరంలోనే ఉంది, చిన్నది, ఇప్పుడు దాని నీటి మీద తేలే సౌరఫలకాలు కూడా ఉన్నాయి. ఒక జలాశయం గురించి ఏమేం చెప్పాలో పిల్లలకు అలా నమూనా దొరుకుతుంది. ఆపైన మరో నాలుగు జలాశయాలను నాలుగు ముక్కలుగా పంచుతాను: పెందుర్తి వైపున్న మేఘాద్రి గెడ్డ, విజయనగరం జిల్లాలో గోస్తని మీద ఉన్న తాటిపూడి, అనకాపల్లి జిల్లాలో శారదా నది మీద ఉన్న రైవాడ, కాకినాడ జిల్లా ఏలేశ్వరం దగ్గర నుంచి కాలువ ద్వారా మన దాకా వచ్చే ఏలేరు. ఒక్కో ముక్కకు అర పేజీ కాగితం చాలు.

మీ 42 మందిలో నలుగురేసి తొమ్మిది జట్లు, ముగ్గురేసి రెండు జట్లు వస్తాయి. ముగ్గురున్న జట్టుకు నాలుగో ముక్క కాగితం ఇచ్చి కలిసి చదువుకోమనండి. ఒకే ముక్క వచ్చినవారందరూ ముందు ఒకచోట చేరి దాన్ని నేర్చుకోవాలి. అలా చేరేవారు తొమ్మిది నుంచి పదకొండు మంది అవుతారు, అంతమంది ఒకచోట కూర్చుంటే మళ్లీ మొదటి కథే. అందుకని వారిని రెండు మూడు చిన్న గుంపులుగా విడగొట్టండి. తరువాత ఎవరి జట్టుకు వారు తిరిగి వెళ్లి, మిగిలిన ముగ్గురికీ తమ ముక్క నేర్పాలి.

మొదటిసారి నేను ఇక్కడే దెబ్బతిన్నాను. చదవడం ఇంకా కూడబలుక్కునే ఒక పిల్లవాడికి తాటిపూడి ముక్క వచ్చింది. వాడు గుంపులో బుద్ధిగా తల ఊపాడు, జట్టుకు వెళ్లి తాటిపూడి శారదా నది మీద ఉందని చెప్పాడు. మిగిలిన ముగ్గురూ నమ్మి పరీక్షలో అదే రాశారు, ఆపైన నాలుగు రోజులు వాడిని ఏడిపించారు. తప్పు వాడిది కాదు, నాది. అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు పెట్టుకున్నాను. తడబడే పిల్లలకు తోడుగా మరొకరిని జోడించి ఇద్దరికీ ఒకే ముక్క ఇస్తాను; ఎవరైనా బడికి రాకపోయినా ముక్క పోదు కాబట్టి ఇది రెండు విధాలా ఉపయోగం. రెండోది, జట్టుకు తిరిగి వెళ్లే ముందు ప్రతి ఒక్కరూ ఒక చీటీ నింపి నాకు చూపాలి. అందులో మూడే ప్రశ్నలు ఉంటాయి: ఎక్కడ ఉంది, ఏ నది లేక గెడ్డ (వాగు) మీద ఉంది, అక్కడ నీరు తగ్గితే మనకు ఏమవుతుంది. చీటీ మీద నా సంతకం లేకుండా ఎవరూ నేర్పడానికి వెళ్లకూడదు. సంతకాలకు పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలే పాఠాన్ని కాపాడతాయి.

అయినా ముక్కలు ఒకరికొకరు చెప్పుకోవడంతోనే ఆగిపోతే అది నాలుగు చిన్న ఉపన్యాసాలే అవుతుంది. నాలుగు ముక్కలూ కలిస్తే తప్ప జవాబు రాని ప్రశ్న ఒకటి జట్టుకు ఇవ్వాలి. నేను అడిగేది ఇది: 'మన నగరం ఒక్క జలాశయాన్నే ఎందుకు నమ్ముకోలేదు, వీటిలో మన జిల్లా బయటివి ఏవి, ఆ జిల్లాల వారు మా నీళ్లు మాకే కావాలంటే ఏం చెబుతారు?' పటం ముందు పెట్టుకుని వెతికినప్పుడు, నాలుగింట్లో మూడు పొరుగు జిల్లాల్లో ఉన్నాయని పిల్లలే కనిపెడతారు. ఆ క్షణంలో తరగతిలో వినిపించే గోల మీ పక్క గది వారు ఫిర్యాదు చేసిన గోల కాదు.

రెండో రోజు చివర విడివిడిగా పరీక్ష పెడతాను. అందులో ఎక్కువ ప్రశ్నలు ఆ పిల్లవాడి సొంత ముక్క నుంచి కాక, మిగిలిన మూడింటి నుంచి వచ్చేలా చూస్తాను. నేర్పినవాడు సరిగా నేర్పాడా, విన్నవాడు సరిగా విన్నాడా అన్నవి రెండూ దీనితో తెలిసిపోతాయి.

రైవాడ నీరు సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు అడగటం మనకు కొత్త కాదు. పెద్ద తరగతులకు, అంటే 8వ తరగతి వారికి, ఈ పాఠాన్ని అక్కడి దాకా తీసుకువెళ్లవచ్చు. జాన్సన్ సోదరులు చెప్పిన వాద పద్ధతి దీనికి సరిపోతుంది. జట్టులో ఇద్దరు రైతు పక్షం, ఇద్దరు నగర పక్షం తయారుచేసుకుని వాదిస్తారు. తరువాత పక్షాలు మార్చుకుని ఎదుటివారి వాదాన్నే తాము వినిపిస్తారు. చివర రెండు పక్షాలనూ పక్కన పెట్టి నలుగురూ కలిసి ఒక ప్రకటన రాస్తారు. 6వ తరగతిలో దీన్ని ప్రయత్నించి నేను విఫలమయ్యాను, పక్షాలు మార్చమన్నప్పుడు వారికి అది ఓడిపోవడంలా తోచింది.

మార్కుల సంగతి

మీరు ముఖ్యంగా అడిగింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. జట్టు మొత్తానికి ఒకే మార్కు ఇవ్వడం వెంటనే మానేయండి. ఆ బదులు స్లావిన్ రూపొందించిన మెరుగుదల పాయింట్ల పద్ధతి వాడండి. ప్రతి పిల్లవాడికీ గత రెండు మూడు పరీక్షల సగటును ఆధార మార్కుగా రాసుకోవాలి. కొత్త పరీక్షలో ఆధార మార్కు కన్నా పదికి మించి ఎక్కువ వచ్చినా, లేక పూర్తి మార్కులు వచ్చినా 30 పాయింట్లు. ఆధార మార్కుకు సమానంగా గాని పది దాకా ఎక్కువగా గాని వస్తే 20. ఒకటి నుంచి పది దాకా తగ్గితే 10. అంతకన్నా తగ్గితే 5. ఇవి వందకు వేసిన లెక్కలు. మన స్లిప్ టెస్టు ఇరవైకి పెడతాం కాబట్టి వచ్చిన మార్కును అయిదుతో గుణించుకుంటే సరిపోతుంది.

ఒక జట్టును ఊహించుకోండి. ఆధార మార్కు 40 ఉన్న అమ్మాయికి ఈసారి 52 వచ్చాయి, ఆమె జట్టుకు 30 పాయింట్లు తెచ్చింది. 65 ఉన్న అబ్బాయికి 70 వచ్చాయి, అతడివి 20. తరగతి మొదటి ర్యాంకు అమ్మాయికి 90 నుంచి 88కి తగ్గాయి, ఆమెవి 10. 55 ఉన్న మరొకడికి 42 వచ్చాయి, వాడివి 5. మొత్తం 65, నలుగురికి సగటు 16.25. ఇక్కడ ఏం జరిగిందో గమనించండి. జట్టుకు అందరికన్నా ఎక్కువ తెచ్చిపెట్టింది 52 మార్కుల అమ్మాయి. అంతకుముందు జట్టులోకి ఎవరూ కోరుకోని పిల్ల, మరుసటి వారం నుంచి జట్టుకు కావలసిన పిల్ల అవుతుంది. మొదటి ర్యాంకు అమ్మాయికి కూడా ఆమెకు నేర్పడంలో తన లాభం కనిపిస్తుంది.

దీనికి తల్లిదండ్రుల నుంచి అభ్యంతరం వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఒక తండ్రి బడికి వచ్చి, 'మా పాపకు 88 వస్తే పది పాయింట్లు, 52 వచ్చినవాళ్లకు ముప్పయ్యా, ఇదెక్కడి న్యాయం మేస్టారూ' అని నిలదీశారు. ఈ పాయింట్లు జట్టు ఆటకు మాత్రమేననీ, నిర్మాణాత్మక మూల్యాంకనం రిజిస్టరులోకి ఎవరి సొంత మార్కులు వారివే వెళతాయనీ, పూర్తి మార్కులు తెచ్చుకుంటే ఆధారం ఎంత ఉన్నా 30 పాయింట్లు వస్తాయనీ కాగితం మీద చూపించాను. ఆయన పూర్తిగా సమాధానపడ్డారని చెప్పలేను గాని, ఆ తరువాత మళ్లీ రాలేదు. ఈ లెక్కను బడి తెరిచిన మొదటి సమావేశంలోనే చెప్పి ఉండవలసింది. బహుమతుల జోలికి మాత్రం పోకండి. వారం చివర జట్టు పేరు బోర్డు మీద రాస్తే చాలు. పెన్నులు, చాక్లెట్లు మొదలుపెడితే పాయింట్ల కోసం కొట్లాట మొదలవుతుంది.

ఎవరి మాట చెల్లుతుంది

జట్టులో ఎవరు మాట్లాడతారన్నది తెలివి మీద కన్నా హోదా మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ కోహెన్ దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. తోటివారు తెలివైనవారని అనుకునే పిల్లలే ఎక్కువ మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడేవారే ఎక్కువ నేర్చుకుంటారు, దానితో తేడా మరింత పెరుగుతుంది. మన తరగతుల్లో ఈ హోదా మార్కుల నుంచి మాత్రమే రాదు. ఇంటి వృత్తి, కులం, మాట్లాడే యాస, బూట్లు ఉన్నాయా లేవా అన్నవన్నీ అందులో కలుస్తాయి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు గాజువాక వైపు బడుల్లో ఉంటారు, వారికి తెలుగులో తడబాటు ఉంటే జట్టులో నోరే విప్పరు.

మత్స్యకారులు ఉండే జాలారిపేటకు దగ్గర్లో ఒక బడిలో పనిచేసినప్పటి సంగతి చెబుతాను. జీవనోపాధుల పాఠంలో, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధమనీ, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఎవరూ సముద్రం మీదకు వెళ్లకూడదనీ చెప్పాను. వెనక బెంచీ నుంచి, ఏడాదంతా ఒక్క జవాబు చెప్పని పిల్లవాడు లేచి, 'మేస్టారండీ, తెప్పలోళ్లకి నిషేదం లేదండీ, మోటారు ఉన్నోటికే' అన్నాడు. వాడు చెప్పిందే నిజం. నిషేధం మరపడవలకూ మోటారు పడవలకూ గాని, చేతితో నడిపే సంప్రదాయ తెప్పలకు కాదు. తరగతి ముందే నా పొరపాటు ఒప్పుకుని, ఆ పాఠానికి వాడిని పడవల ముక్క నిపుణుడిగా పెట్టాను. కోహెన్ సూచించిన మార్గం కూడా ఇదే: పిల్లవాడిలోని నిజమైన సామర్థ్యాన్ని, ఫలానాదని పేరు పెట్టి, అందరి ఎదుటా చెప్పడం. ఊరికే 'శభాష్' అంటే పిల్లలు నమ్మరు. 'ఏ పడవకు ఏ వల వాడతారో మనలో ఇతడికే తెలుసు, మీ జట్టుకు ఆ సమాచారం కావాలి' అంటే నమ్ముతారు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇంటి వృత్తి గురించి చెప్పమని ఏ పిల్లవాడినీ బలవంతపెట్టకండి. కొందరికి అది గర్వం, మరికొందరికి దాచుకోవలసిన విషయం. ముందు విడిగా పిలిచి అడగండి.

ఇదే కారణం వల్ల జట్టు లీడరును శాశ్వతంగా పెట్టవద్దు. మొదటి ర్యాంకు పిల్లను లీడరును చేయడం మనందరికీ ఉన్న అలవాటు, జట్టును చంపేది అదే. చదివేవారు, రాసేవారు, పటం చూసేవారు, అందరూ మాట్లాడారో లేదో చూసేవారు అని నాలుగు పనులు పెట్టి ప్రతి పాఠానికీ మార్చండి.

చరిత్ర పాఠాల్లో

చరిత్రలో సహకార అభ్యసనం ఇచ్చే లాభం వేరు. అక్కడ జట్టు సభ్యులు ఏకీభవించకపోవడమే మనకు కావాలి. నేను దీనికి హుద్‌హుద్ తుపాను తీసుకుంటాను. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు అది మన నగరం మీదే తీరం దాటింది. ఇప్పుడు మీ 6వ తరగతిలో ఉన్న పిల్లలు అప్పటికి పుట్టనైనా లేదు, లేదా ఒళ్లో బిడ్డలు. అంటే వారికి అది చరిత్రే, కానీ సాక్షులు ఇంట్లోనే ఉన్నారు.

కరెంటు, తాగునీరు, చెట్లు, పడవలు అని నాలుగు అంశాలు జట్టులో నలుగురికి పంచి, ప్రతి ఒక్కరినీ ఇంట్లో ఒకరినీ, ఇంటి బయట ఒకరినీ అడిగి రమ్మన్నాను. ఒక అమ్మాయి కరెంటు మూడో రోజే వచ్చిందని రాసుకొచ్చింది, పక్క జట్టులోని అబ్బాయి పదిహేను రోజులు చీకట్లో ఉన్నామని రాసుకొచ్చాడు, ఇద్దరూ ఎదుటివారు అబద్ధం చెబుతున్నారని నా దగ్గరకు వచ్చారు. నేను తీర్పు చెప్పలేదు. మీకు చెప్పినవారు అప్పుడు ఎక్కడ ఉండేవారు, ఏం పని చేసేవారు, ఎలా గుర్తుపెట్టుకున్నారో కనుక్కుని రమ్మని తిప్పి పంపాను. మరునాడు తేలిందేమిటంటే ఒకరి ఇల్లు ఆసుపత్రి ఉన్న వీధిలో, రెండోవారిది అప్పట్లో నగర శివార్లలో. రెండూ నిజమే కావచ్చని, ఒకే సంఘటనకు చోటును బట్టి వేర్వేరు అనుభవాలు ఉంటాయని వారే చెప్పారు. ఆధారాలను బేరీజు వేయడం గురించి నేను ఎన్నో ఏళ్లు బోర్డు మీద రాసిన నిర్వచనం ఏ పిల్లవాడికీ గుర్తులేదు, ఈ తగవు మాత్రం వారికి 10వ తరగతిలో కూడా గుర్తుంది. తుపానులో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఉంటాయి కాబట్టి, వద్దన్న ఇంటిని వదిలేయాలని ముందే చెప్పి పంపండి.

ఎప్పుడు వాడకూడదు

అక్షాంశాలు, రేఖాంశాలు వంటి కొత్త భావనను మొదటిసారి చెప్పేటప్పుడు జట్లు వద్దు. తెలియని నలుగురు కలిస్తే తెలియనితనం నాలుగింతలు అవుతుంది. గ్లోబు చేతిలో పెట్టుకుని మీరే చెప్పండి, అభ్యాసానికి మాత్రం జట్లను వాడండి. అభ్యాసానికి స్పెన్సర్ కేగన్ ప్రచారంలోకి తెచ్చిన అంకెల పద్ధతి బాగుంటుంది. జట్టులో నలుగురికీ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు ఇస్తారు. ప్రశ్న అడిగాక జట్టంతా తలలు దగ్గర పెట్టుకుని జవాబు అందరికీ తెలిసేలా చూసుకుంటుంది. అప్పుడు మీరు ఒక అంకె పిలుస్తారు, ప్రతి జట్టులోనూ ఆ అంకె పిల్లవాడే లేచి చెప్పాలి. ఎవరిని పిలుస్తారో ముందు తెలియదు కాబట్టి ఎవరినీ వదిలేయడానికి వీలుండదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి గదా, చాలా బడుల గోడ మీద ఇంకా పాత పటమే ఉంది. నేను ఆ పాత పటాన్నే చూపించి అరకు, నర్సీపట్నం, భీమిలి ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నాయని ఈ పద్ధతిలో అడుగుతాను. పది నిమిషాల పని.

3 నుంచి 5 తరగతులకు పరిసరాల విజ్ఞానం చెప్పేవారు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. ఆ వయసుకు నలుగురి జట్టు పెద్దది, జంటలు చాలు. ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన పద్ధతి, అంటే ముందు ఒంటరిగా ఆలోచించి, తరువాత జంటతో చెప్పుకుని, ఆపైన తరగతితో పంచుకోవడం, వారికి సరిగ్గా సరిపోతుంది. ఇంట్లోవారితో రైతు బజారుకు వెళ్లినప్పుడు ఒకరు కూరగాయలు ఏ ఊరి నుంచి వచ్చాయో, మరొకరు ధర ఎంతో అడిగి రావాలి. రెండూ కలిపితేనే పట్టిక నిండుతుంది.

గోల, సమయం, బెంచీలు

మన బడుల్లో బెంచీలు జరపడం మొదలుపెడితే అయిదు నిమిషాలు పోతాయి. ముందు బెంచీలోని ఇద్దరూ వెనక్కి తిరిగితే నలుగురి జట్టు తయారు, ఏమీ జరపనక్కర్లేదు. జట్టుకు నలుగురిని మించవద్దని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. నేను చేయి ఎత్తితే చూసినవారు మాట ఆపి తామూ చేయి ఎత్తాలన్నది మా తరగతి గుర్తు. మొదటి రెండు వారాలు పాఠం లేకుండా దీన్నే సాధన చేయించాను, అది వృథా కాలేదు.

ముక్కల ఆటకు రెండు పిరియడ్లు పడతాయి. సిలబస్ సాగదని మీకు భయం కలగడం న్యాయమే. నేను ఒక యూనిట్‌కు ఒక్క పాఠాన్నే ఇలా చేస్తాను, మిగిలినవి మామూలుగా చెప్పి మధ్యలో జంటల చర్చ పెడతాను. అన్ని పాఠాలూ ఇలాగే చేయాలని పట్టుబట్టే శిక్షకులు ఉన్నారు, వారు 42 మందితో ఏడాది పొడవునా గడిపినవారు కారని నా అనుమానం.

జట్లను మీరే వేయండి, పిల్లలకు వదిలేయకండి. చదువులో బాగా ఉన్నవారు ఒకరు, మధ్యస్థులు ఇద్దరు, వెనకబడినవారు ఒకరు ఉండేలా, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసేలా చూడండి. అయిదారు వారాలు అదే జట్టు ఉంచి తరువాత మార్చండి. వారం వారం మారిస్తే ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరదు, ఏడాదంతా ఉంచితే ఓడిపోయే జట్టు చేతులెత్తేస్తుంది. ఒంటరిగానే చేస్తానని మొండికేసే పిల్లవాడు ప్రతి ఏడూ ఒకడైనా ఉంటాడు. వాడిని తిట్టకుండా జట్టు పక్కనే కూర్చోబెట్టి, వాడి ముక్క వాడికి ఇచ్చి, చీటీ మాత్రం నింపించండి. జట్టుకు ఆ ముక్క అవసరమైనప్పుడు వారే వాడి దగ్గరకు వస్తారు.

మార్కుల్లో తేడా మొదటి స్లిప్ టెస్టులోనే కనిపిస్తుందని ఆశించవద్దు. నా తరగతుల్లో మొదటి నెల సగటు కాస్త తగ్గిన సందర్భాలూ ఉన్నాయి, ఎందుకంటే పిల్లలు పాఠంతోపాటు పద్ధతిని కూడా నేర్చుకోవలసి ఉంటుంది. నాకు ముందుగా కనిపించే మార్పు మార్కుల్లో కాదు, ఖాళీగా వదిలేసిన జవాబుల సంఖ్యలో. పేపరు దిద్దేటప్పుడు ఖాళీలు లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాసుకోండి.

మీ తరువాతి పాఠం ఏదో ఇక్కడే రాస్తే దాన్ని ఎన్ని ముక్కలు చేయవచ్చో చూసి చెబుతాను. స్థానిక స్వపరిపాలన అయితే మహా విశాఖ నగరపాలక సంస్థకు ఉన్న 98 వార్డుల్లో మీ వార్డుతోనే మొదలుపెట్టవచ్చు. నీరు, చెత్త, వీధి దీపాలు, రోడ్లు అని నాలుగు ముక్కలకు చీటీలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఫోటో తీసి పెడతాను, మీ వార్డు వివరాలు మార్చుకుంటే సరిపోతుంది.